మూత పెట్టి వెళ్లిపోతే చిల్లీ అవుతుందా?

స్లో కుక్కర్ అమ్మేవాళ్లు యాభై ఏళ్లుగా చెబుతున్నది ఒకటే మాట. పొద్దున్నే అన్నీ గిన్నెలో పడేయండి, మూత పెట్టండి, స్విచ్చి వేసి ఆఫీసుకు పోండి, సాయంత్రానికి వంట సిద్ధం. అమెరికాలో ఆ మాటకు సాక్ష్యంగా చూపించే వంటల్లో ముందు వరసలో ఉండేది చిల్లీ. మాంసం, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కలిపి గంటలకొద్దీ ఉడికించే టెక్సస్ కూర అది. టమాటాలు, రాజ్మా చేరిన రూపమే బయట ఎక్కువమందికి తెలుసు. చలికాలంలో, ఫుట్‌బాల్ ఫైనల్ ఆదివారాల్లో, ఆఫీసు పోటీల్లో దానికి తిరుగులేదు. డాలస్ చుట్టూ ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల తెలుగిళ్లలోకి కూడా అది పాట్‌లక్‌ల దారిన వచ్చేసింది. వచ్చాక ఊరుకోలేదు. ఒకరు మేకమాంసంతో, ఇంకొకరు మీల్‌మేకర్‌తో, మరొకరు గుంటూరు కారంతో చేయడం మొదలుపెట్టారు.

కుక్కర్ వాళ్ల మాట చిల్లీ విషయంలో సగమే నిజం. స్లో కుక్కర్‌కు ఒక పని అద్భుతంగా వచ్చు, మూడు పనులు రావు. ఇళ్లలో జరిగే ప్రయోగాల్లో ఫలించినవి చాలావరకు ఆ మూడు లోట్లనూ పూడ్చేవే. బెడిసికొట్టినవాటిలో ఎక్కువ భాగం ఆ లోట్లను పట్టించుకోకుండా గిన్నెలో ఇంకో కొత్త సరుకు వేసినవి. ఆ లెక్క తేల్చుకోవాలంటే ముందు ఈ కూర ఎక్కడిదో, ఆ యంత్రం ఎక్కడిదో కొంచెం చూడాలి. రెండింటి కథలూ ఒకదానికొకటి అడ్డంగా తగులుతాయి.

చిల్లీకి పేరు తెచ్చిన ఊరు శాన్ ఆంటోనియో. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అక్కడి మిలిటరీ ప్లాజా, అలామో ప్లాజా కూడళ్లలో చీకటి పడేసరికి మెక్సికన్ మహిళలు బల్లలు వేసి, లాంతర్లు వెలిగించి కూర్చునేవారు. చిల్లీ క్వీన్లని వాళ్లకు పేరు. పది సెంట్లు ఇస్తే కడుపు నిండేది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. వాళ్లు కూరను ఇంటి దగ్గర వండి, బళ్ల మీద కూడలికి తెచ్చి, మెస్కీట్ కట్టెల నిప్పు మీద వేడి తగ్గకుండా పెట్టుకునేవారు. (మన పొలం గట్ల మీద పట్టుకుంటే వదలని సర్కారు తుమ్మ ఆ మెస్కీట్‌కు దగ్గరి చుట్టమే.) అంటే వండడం ఒక పని, సన్నని సెగ మీద ఉంచడం ఇంకో పని. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ స్టాండు పెట్టారు. దాంతో దేశమంతా దాని రుచి తెలిసింది. 1930ల చివర్లో నగరం ఆరోగ్య నిబంధనలు బిగించడంతో కూడళ్లలో ఆ బల్లలు లేచిపోయాయి.

ఈలోగా న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు మరో పని చేశాడు. మిరపకాయ ఏడాది పొడవునా దొరికేది కాదు. దాన్ని ఎండబెట్టి, జీలకర్ర, ఆరెగానో, వెల్లుల్లితో కలిపి దంచి 1890లలో సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ అమెరికా దుకాణంలో చిల్లీ పౌడర్ పేరుతో దొరికే పొడి ఆ సీసాకు వారసురాలే. తెలుగిళ్లలో ఈ వంట దగ్గర జరిగే ప్రమాదాల్లో సగం ఈ పొడి వల్లే జరుగుతాయి. ఆ సంగతి కాసేపట్లో.

టెక్సస్ శాసనసభ 1977లో చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. అక్కడి ఛాందసుల లెక్కలో గింజలు వేస్తే అది చిల్లీ కాదు. కొందరైతే టమాటా పేరెత్తినా మొహం చిట్లిస్తారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇంటి వంట పద్ధతి కావాలంటూ ఉత్తరాలు వచ్చిపడుతుంటే ఆయన భార్య లేడీ బర్డ్ దాన్ని కార్డుల మీద అచ్చువేయించి పంపేది. అందులో గింజలు లేవు గాని టమాటాలున్నాయి! 1967లో మెక్సికో సరిహద్దు దగ్గర టెర్లింగ్వా అనే పాడుబడ్డ గనుల ఊళ్లో మొదటి పెద్ద పోటీ జరిగింది. చిల్లీ గురించి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని పత్రికలో రాసిన న్యూయార్క్ హాస్య రచయిత హెచ్. అలెన్ స్మిత్ ఒక పక్క, టెక్సస్ పత్రికా విలేఖరి విక్ ఫౌలర్ ఇంకో పక్క. ఇద్దరు న్యాయనిర్ణేతలు చెరొకరి వైపు తేల్చారు. మూడోవాడు తన నాలుక పనిచేయడం మానేసిందని చేతులెత్తేశాడు. పోటీ సమం. అక్కడి నుంచి పెరిగిన పోటీల సంఘం నియమాల్లో గింజలు, బియ్యం, పాస్తా వంటివి ఇప్పటికీ నిషిద్ధం.

మరోవైపు ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన కిరాజీఫ్ సోదరులు దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ వేసిన పలచని చిల్లీని స్పగెట్టీ మీద పోసి, పైన చీజ్ తురుము కుమ్మరించి అమ్మారు. అది ఆ ఊరికి ప్రాణమైపోయింది. 1959 నాటి ఒక మెక్సికో నిఘంటువు మాత్రం చిల్లీని మెక్సికన్ వంటగా చలామణి అయ్యే అసహ్యకరమైన తిండిగా తీసిపారేసింది. పుట్టినింటివాళ్లే మాది కాదన్న వంటకు శుద్ధి అశుద్ధులు ఏమిటని నాకు అనిపిస్తుంది. కాకపోతే ఛాందసుల పట్టుదలలో ఒక ఉపకారం ఉంది. గింజలు లేకపోతే మిరపకాయనూ మాంసాన్నీ సరిగ్గా చూసుకోక తప్పదు. దాచుకోవడానికి చోటుండదు.

ఇక యంత్రం. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు తల్లి లిథువేనియా నుంచి వచ్చిన యూదురాలు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా యూదులు నిప్పు వెలిగించరు. అందుకని ఆమె చిన్నప్పుడు వాళ్లూళ్లో చోలెంట్ అనే గింజల కూరను కుండలో పెట్టి శుక్రవారం పొద్దుపోయే ముందు రొట్టెల దుకాణానికి పంపేవారు. చల్లారుతున్న పొయ్యి వేడిలో రాత్రంతా మగ్గి మర్నాటికి తయారయ్యేది. ఆ కథ విన్న నాక్సన్ చుట్టూ తీగచుట్ట తిప్పిన విద్యుత్ కుండను తయారుచేశాడు. 1940లో పేటెంట్ వచ్చింది. బజారులో దాని పేరు నాక్సన్ బీనరీ, గింజలు ఉడికించే కుండ అన్నమాట. 1970లో కాన్సస్ సిటీలోని రైవల్ కంపెనీ దాన్ని కొనేసింది. మరుసటి ఏడాది క్రాక్‌పాట్ అనే కొత్త పేరుతో వదిలింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళుతున్న రోజులు, కరెంటు ఖర్చు గురించి భయం పుట్టిన రోజులు. లక్షల్లో అమ్ముడుపోయింది.

గింజల కోసం పుట్టిన యంత్రంలో గింజలు పనికిరాని కూర వండటం ఒక విడ్డూరం. అంతకంటే పెద్ద విడ్డూరం, అమెరికన్ చిల్లీలో వేసే గింజ ఏదో, అంటే ఎర్ర రాజ్మా, సరిగ్గా దాన్నే ఈ యంత్రంలో పచ్చిగా వేయకూడదు.

ముందు దానికి వచ్చిన పని చెప్పాలి. మన పల్లెల్లో దాలిగుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెడితే అవి మరగవు, పొంగవు, పొద్దుగూకేదాకా కాగి ఎర్రబడి మందంగా మీగడ కడతాయి. స్లో కుక్కర్ చేసేది ఆ రకం పనే. జంతువు ఎక్కువగా కదిలించే భాగాల్లో, జబ్బలో, పిక్కలో, మెడలో, కొలాజెన్ అనే గట్టి పీచు ఉంటుంది. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక అది వదలడం మొదలుపెడుతుంది, 70, 80లకు వెళ్లేకొద్దీ వేగంగా కరిగి జిలాటిన్ అవుతుంది. పెదవులకు అంటుకునే ఆ జిగురే మంచి చిల్లీకి ఒళ్లు. పెద్ద మంట మీద గలగలా మరిగిస్తే కండలోని నీరంతా పిండినట్టు పోయి ముక్క చెక్కముక్క అవుతుంది. సన్నని సెగ మీద ఎనిమిది గంటలు ఉంచితే పీచు కరుగుతుంది, ముక్క విడిపోయేంత మెత్తబడుతుంది. లో, హై అని రెండు మీటలున్నా చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, మరుగుకు కాస్త దిగువకు. లో మీద అక్కడికి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది, తేడా అంతే. అందుకే చిల్లీకి లో మంచిది. మూత ఎత్తి చూసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ నియమం నిలవదనుకోండి.

ఇక రాని పనులు. ఒకటి, మాంసాన్ని, ఉల్లిని ఎర్రగా వేయించడం. వేపుడు రుచినిచ్చే రసాయన చర్య చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీలు దాటాలి, తడి ఉండకూడదు. నీళ్లున్న గిన్నె 100 దాటదు. దాలి పాలు ఎర్రబడ్డట్టు, ఎనిమిది గంటలు గడిచేసరికి గిన్నె అంచుల్లో కూర కొంత నల్లబడుతుంది గాని ఆ కాస్తా సరిపోదు. అందుకే పచ్చి ముక్కల్ని నేరుగా వేసిన చిల్లీకి ఉడకబెట్టిన వాసనే తప్ప వేపుడు కమ్మదనం రాదు. వేయించని ఉల్లిపాయ మరీ మొండిది, పొద్దంతా ఉన్నా పంటి కింద కసుక్కుమంటుంది. మూకుడు ఒకటి అదనంగా కడగాల్సి వస్తుందని ఈ మెట్టు మానేసేవాళ్లున్నారు. నా మట్టుకు, ఈ మెట్టు మానేస్తే మిగతా ప్రయోగాలేవీ అక్కర్లేదు. ఇంకా ఏం కలిపినా గట్టెక్కదు. ముక్కలన్నీ వేయించాల్సిన పని కూడా లేదు. సగం ముక్కల్ని రెండు వైపులా బాగా ఎర్రగా కాల్చి, అదే మూకుట్లో ఉల్లి, టమాటా పేస్టు వేయించి, అడుగంటినదాన్ని నీళ్లు పోసి గీకి కుండలో కలిపితే చాలు.

రెండోది, నీటిని ఇగర్చడం. మూత అంచున ఆవిరి పట్టి మళ్లీ గిన్నెలోకే జారుతుంది. మాంసం, ఉల్లి, టమాటా వదిలే నీళ్లు దానికి తోడు. పొయ్యి మీద వండే పద్ధతిలో రాసిన నీటిని అలాగే పోస్తే సాయంత్రానికి కూర కాదు, చారు తయారై ఉంటుంది. సగం పోసి చూడండి. ఆఖరి గంట మూత కాస్త పక్కకు జరిపి హై మీద పెట్టడం ఒక ఉపాయం. టెక్సస్‌వాళ్లు వాడేది మాసా హరీనా, సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి. రెండు చెంచాలు నీళ్లలో కలిపి చివరి అరగంటలో పోస్తే చిక్కదనంతో పాటు రొట్టె కాల్చిన కమ్మని వాసన వస్తుంది. అది లేనప్పుడు మక్క పిండిని నూనె లేకుండా దోరగా వేయించి వాడుకోవచ్చు. మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ అని దొరికే తెల్లటి గంజిపొడి మాత్రం వద్దు, చిల్లీకి మంచూరియా నిగనిగలు వస్తాయి.

మూడోది, గింజల్ని గలగలా మరిగించడం. ఈ లోటు నిజంగా ప్రమాదకరమైనది. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. మరిగే నీళ్లలో అది నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర మాత్రం ఉల్టా, పచ్చి గింజకంటే విషం అయిదు రెట్లు దాకా పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిస్తుంది. స్లో కుక్కర్‌లో వండిన కూరల లోపలి వేడి తరచు 75 దాటలేదని కూడా ఆ సంస్థే చెబుతుంది. కాబట్టి రాజ్మాను కనీసం అయిదు గంటలు నానబెట్టాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లలో అరగంట గలగలా మరిగించాలి. ఆ తర్వాతే స్లో కుక్కర్‌లోకి. డబ్బాలో వచ్చే గింజలు ముందే ఉడికినవి కనుక వాటితో పేచీ లేదు. ఇక్కడ తెలుగిళ్లకు ఒక వరం ఉంది. రాజ్మా అనగానే మన చెయ్యి విజిల్ కుక్కర్ మీదికే పోతుంది. నానబెట్టి నాలుగైదు విజిళ్లు రానిచ్చిన గింజకు ఈ భయం లేదు. ఇంకో చిన్న సంగతి. టమాటా పులుపు తగిలితే పైతోలు బిగుసుకుని గింజ మెత్తబడదు. కనుక మెత్తగా ఉడికిన గింజనే టమాటాలున్న గిన్నెలో వేయాలి.

మీ కుక్కర్ ఎంత వేడెక్కుతుందో తెలుసుకోవాలంటే సగం నీళ్లు పోసి, లో మీద ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే థర్మామీటరు పెట్టండి. 85 నుంచి 93 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టు. తక్కువ ఉంటే మాంసం వండటానికి నమ్మదగ్గది కాదు. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా అందులో వేయడమూ కూడదు. 60 డిగ్రీలు దాటేలోపు సూక్ష్మజీవులకు కావలసినంత సమయం దొరుకుతుంది.

ఇప్పుడు మిరపకాయ దగ్గరికి వద్దాం. అసలు సరుకు అదే. చాలా ఇళ్లలో అన్నిటికంటే తక్కువ ఆలోచన పెట్టేదీ దాని మీదే. అమెరికన్ పద్ధతిలో మూడు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ అని ఉంటుంది. అది గెబ్‌హార్ట్ వారసత్వం, అందులో జీలకర్ర, ఆరెగానో, వెల్లుల్లి, చాలాసార్లు ఉప్పు కూడా ఉంటాయి. మిరప పాలు ఎంతో, ఏ కాయో ప్యాకెట్ మీద కనబడదు, కారం స్వల్పం. దాని బదులు అదే కొలతతో గొడ్డుకారం వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టెక్సస్ చిల్లీకి మూలమైన ఆంచో, అంటే ఎండిన పోబ్లానో కాయ, స్కోవిల్ కొలతలో వెయ్యి నుంచి రెండు వేలు. గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. ఇరవై రెట్లు! ఈ తేడాను కారం తగ్గించి సర్దుకుందామంటే ఇంకో చిక్కు వస్తుంది. చిల్లీలో మిరపకాయ కారం కోసం మాత్రమే కాదు, కూర ఒళ్లు, రంగు, ఎండుద్రాక్షను తలపించే తీపి అన్నీ దానివే. కిలో మాంసానికి అరవై డెబ్భై గ్రాముల ఎండుమిర్చి పడుతుంది. గుంటూరు సన్నంతో ఆ ఒళ్లు రావాలంటే మనిషి తినలేడు, మనిషి తినగలిగినంత వేస్తే ఒళ్లు రాదు.

దారి ఏమిటంటే కాయల్ని పంచుకోవడం. ఒంటికి ఆంచో, రంగుకు గ్వాహిల్యో, పొగవాసనకు చిపోట్లే, చురుక్కుమనడానికి రెండు మూడు గుంటూరు కాయలు. టెక్సస్‌లో మెక్సికన్ సరుకుల కొట్లో మొదటి మూడూ సులువుగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రయత్నించేవాళ్లకు బ్యాడిగి ఉంది, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి అంతకంటే బాగా ఒదుగుతుంది. టమాటాలా గుండ్రంగా, మందమైన తోలుతో, మంచి ఎరుపుతో, తక్కువ కారంతో ఉండే కాయ అది. ఆంచో తీపి దానికి లేకపోయినా ఒళ్లిస్తుంది. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి వచ్చి, మన నల్లరేగడిలో వేరే గుణం సంపాదించుకున్న కాయను మళ్లీ పుట్టింటి కూరలో వేస్తున్నామంటే ముచ్చటగానే ఉంటుంది.

ఏ కాయైనా పొడిగా కంటే ముద్దగా వేయడం మేలు. తొడిమలు, గింజలు తీసి, పెనం మీద వాసన వచ్చేదాకా వేడిచేసి (మాడితే చేదు, మొత్తం పారబోయాల్సిందే), వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ ముద్దను నూనె తేలేదాకా వేయించాలి. మన వంటింట్లో రోజూ జరిగే పనే ఇది, మెక్సికోలోనూ జరుగుతుంది. మధ్యలో అమెరికన్ ప్యాకెట్టు సంస్కృతి దాన్ని మింగేసింది. పచ్చి పొడిని నీళ్లలో చల్లి ఎనిమిది గంటలు నానబెట్టినంత మాత్రాన దాని పసరు వాసన పోదు.

సమయం సంగతి కూడా ఉంది. మిరపలోని క్యాప్‌సైసిన్ వేడికి చెక్కుచెదరదు, కొవ్వులో కరిగి కూరంతా పరుచుకుంటుంది. జీలకర్ర, ఆరెగానోల పరిమళం మాత్రం గంటలు గడిచేకొద్దీ ఎగిరిపోతుంది. అందుకే పొద్దున సరిగ్గా ఉన్న మసాలా సాయంత్రానికి కారం మిగిలి, వాసన పోయి చప్పబడుతుంది. పోటీల్లో వండేవాళ్లు మసాలాను ఒకేసారి వేయరు. రెండు మూడు వాయిదాలుగా వేస్తారు, ఆఖరి వాయిదా దించడానికి కాస్త ముందు పడుతుంది. స్లో కుక్కర్‌కు ఈ పాఠం ఇంకా ఎక్కువ అవసరం. నా దృష్టిలో తెలుగు వంటింటి నుంచి చిల్లీకి ఇవ్వదగ్గ నిజమైన కానుక ఆఖరి తాలింపు. దించే ముందు నూనెలోనో నేతిలోనో దంచిన జీలకర్ర, వెల్లుల్లి, అర చెంచా కారం వేసి వెంటనే కూరలో కలిపి మూత పెట్టండి. టెక్సస్ ఛాందసులకు కూడా అభ్యంతరం ఉండకూడదు, అన్నీ వాళ్ల సరుకులే. కరివేపాకు వేస్తే మాత్రం అది వేరే కూర. బాగుంటుంది, కాని వేరే కూర.

మాంసం దగ్గర ఒక కఠినమైన మాట చెప్పాలి. స్లో కుక్కర్ చిల్లీ వంటల్లో చాలా భాగం కీమాతో చేస్తారు. అది యంత్రాన్ని వృథా చేసుకోవడమే. కీమాలో పీచును మర ముందే కోసేసింది, ఎనిమిది గంటలు కరిగించాల్సింది అక్కడ పెద్దగా లేదు. గంటన్నరకు బాగుండే కీమా పొద్దంతా ఉంటే రవ్వరవ్వగా విడిపోతుంది. టర్కీ కీమా, కోడి కీమా మరీ పొడిబారతాయి. కీమాయే వాడాలంటే నాలుగు గంటలకు మించనివ్వకండి. తొమ్మిది వందల గ్రాములకు ముప్పావు చెంచా వంటసోడాను కాసిని నీళ్లలో కలిపి పట్టించి ఇరవై నిమిషాలు ఉంచితే నీరు వదలకుండా త్వరగా ఎర్రబడుతుంది. అమెరికా పరీక్షా వంటశాలలు బాగా ప్రచారంలోకి తెచ్చిన చిట్కా ఇది, పనిచేస్తుంది.

టెక్సస్ పద్ధతిలో గొడ్డు జబ్బ మాంసాన్ని అంగుళం ముక్కలుగా కోస్తారు. గొడ్డుమాంసం తినని తెలుగిళ్లకు దాని స్థానంలోకి రావాల్సింది కోడి కాదు, మేక. పీచు ఎక్కువ, ఎముక రసం ఎక్కువ, సన్నని సెగ కోసమే పుట్టినట్టుంటుంది. జబ్బ, పిక్క ముక్కలు ఎముకతో సహా వేసి లో మీద ఎనిమిది గంటలు ఉంచితే ముక్క ఎముకను వదిలేస్తుంది. ఎముకలు ఏరేసి, మాంసాన్ని మళ్లీ కూరలో కలిపితే చిల్లీ చిక్కదనం దానంతటదే వస్తుంది. ప్రవాస వంటిళ్లలో జరిగిన ప్రయోగాలన్నిటిలో నేను ముందు నిలబెట్టేది దీన్నే. కోడి అయితే తొడ ముక్కలు, అవీ మూడు నాలుగు గంటలే. రొమ్ముముక్క నారనార అయిపోతుంది.

శాకాహార చిల్లీ గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే దానికి స్లో కుక్కర్ అక్కర్లేదు. కరగాల్సిన కొలాజెన్ లేదు, రాజ్మాను ఎలాగూ వేరే ఉడికించాలి. కుక్కర్‌లో గింజ ఉడికించి, మూకుట్లో మసాలా వేయించి, రెండూ కలిపి అరగంట మగ్గబెడితే అయిపోయింది. మాంసం ఇచ్చే లోతు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. ఎండు పుట్టగొడుగుల నీళ్లు, సోయా సాసు, బాగా వేయించిన టమాటా పేస్టు మూడూ ఆ పని చేస్తాయి. మీల్‌మేకర్‌ను నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండి, చిదిమి, నూనెలో ఎర్రగా వేయిస్తేనే రుచి. వేయించకుండా వేస్తే స్పాంజి ముక్కలు తిన్నట్టే. గుప్పెడు గింజల్ని మెదిపి కలిపితే చిక్కదనానికి పిండి కూడా అక్కర్లేదు.

రహస్య పదార్థాల జాబితా అంతులేనిది. కోకో, కాఫీ డికాక్షన్, బీరు, బెల్లం, వేరుశనగ వెన్న. కోకో ఒక చెంచా చాలు, కాఫీ అరకప్పు, రెండూ ఆంచోలో ఉన్న చేదు తీపినే కాస్త పెంచుతాయి. బీరు పోస్తే ముందే మూకుట్లో మరిగించాలి, మూత కింద ఆ ఘాటు పోయే దారి లేదు. మిగతావి ఎవరి సరదా వాళ్లది. వీటన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చేది దించాక పిండే నిమ్మకాయ. పొద్దంతా మగ్గిన కూర రుచి మొద్దుబారి ఉంటుంది, పులుపు తగలగానే లేచి కూర్చుంటుంది.

ఇన్‌స్టంట్ పాట్ వచ్చాక స్లో కుక్కర్ అవసరమా అన్న ప్రశ్న ఉంది. ఒత్తిడి వంట గంటలో పీచును కరిగిస్తుంది, రాజ్మా సమస్యను తీర్చేస్తుంది, అందులోనే వేయించుకోవచ్చు. మూత బిగించి ఒత్తిడి మీద ఉన్నంతసేపు నీళ్లు ఇగర్చడం మాత్రం దానికీ రాదు. రుచి ఒక్కటే కొలమానమైతే మందపాటి ఇనుప కుండను మూత కాస్త తెరిచి 130 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు పెట్టడం రెండింటినీ ఓడిస్తుంది. పైభాగం ఎర్రబడుతూ, నీరు ఇగురుతూ ఉంటుంది. స్లో కుక్కర్ గెలిచేది రెండు చోట్ల. ఇంట్లో ఎవరూ లేని పగలు, ఇంటినిండా జనం ఉన్న సాయంత్రం. ఓవెన్‌ను వదిలేసి ఊరికే ఎవరూ ఆఫీసుకు వెళ్లరు. పాట్‌లక్‌లో వార్మ్ మీద పెడితే మూడు నాలుగు గంటల పాటు ఎప్పుడొచ్చినవాళ్లకు అప్పుడు వేడిగా వడ్డించుకునే వీలు ఇంకే గిన్నె ఇవ్వదు. శాన్ ఆంటోనియో మహిళలు మెస్కీట్ నిప్పు మీద చేసింది కూడా ఇదే.

మిగిలిన చిల్లీని ఆ బరువైన పింగాణీ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టకండి, నడిమి భాగం చల్లారడానికి చాలాసేపు పడుతుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి రెండు గంటల్లోపు లోపల పెట్టాలి. పొద్దున్నే పైన గడ్డకట్టిన కొవ్వును చెంచాతో ఎత్తేయవచ్చు. మసాలా మాంసంలోకి దిగి ఉంటుంది గనుక చాలామంది రెండో రోజు కూరే మెరుగంటారు, నేనూ అదే పక్షం. వేడిచేయడం పొయ్యి మీదే, పొగలు కక్కేదాకా. చల్లటి కూరను స్లో కుక్కర్‌లో వేసి వేడెక్కిస్తే ప్రమాదపు వేడిలో గంటలు గడుస్తాయి. జొన్నరొట్టె ఉంటే అమెరికన్ల కార్న్‌బ్రెడ్ కోసం చూడనక్కర్లేదు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు మాత్రం ఉండాలి.